పోస్టు పెట్టింది ఒకరు, పాకించింది ఇంకొకరు: బాలాపూర్ శరణార్థులు, సోషల్ మీడియా బాధ్యత

హైదరాబాద్ పాతబస్తీ దాటి బాలాపూర్, షాహీన్ నగర్, పహాడీ షరీఫ్ వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో వెదురు కర్రలు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలతో కట్టుకున్న గుడిసెలు కనిపిస్తాయి. మయన్మార్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేల మంది ఈ చుట్టుపక్కల ఉంటున్నారు. చిత్తు కాగితాలు ఏరి, కూలికి వెళ్లి బతుకుతున్నారు. నగరంలో చాలామంది వాళ్లను నేరుగా ఎప్పుడూ చూసి ఉండరు. వాళ్ల మీద వచ్చే వీడియోలు చూడనివాళ్లు మాత్రం తక్కువ. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు అక్టోబరులోనే వరదలకు కాలనీలకు కాలనీలు మునిగాయి. అయినా ప్రచారంలో నాలాల గురించి ఎంత మాట్లాడారో రోహింగ్యాల గురించి అంతకు తగ్గకుండా మాట్లాడారు. ఆ మాటలు ఎన్నికలతో ఆగలేదు, ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

వాటిలో కొన్ని అభిప్రాయాలు, కొన్ని అబద్ధాలు, కొన్ని నేరుగా బెదిరింపులు. వీటికి రాసినవాళ్లే బాధ్యులా, లక్షల మందికి చేరవేసిన కంపెనీకీ బాధ్యత ఉందా? ఈ ప్రశ్నలో మూడు నాలుగు చిక్కులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒక్కొక్కటిగా విప్పుకుందాం.

శరణార్థి ఎవరు, మన చట్టం ఏమంటుంది

సొంత దేశంలో ప్రాణభయం ఉందని చెప్పి ఇంకో దేశంలో రక్షణ అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఆశ్రయం కోరేవాళ్లు. వాళ్ల భయం నిజమేనని పరిశీలనలో తేలితే శరణార్థులు అవుతారు. ఈ తేడాను చాలా దేశాలు 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఆధారంగా పాటిస్తాయి. భారత్ ఆ ఒప్పందం మీద గానీ, 1967 నాటి ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. మనకు ప్రత్యేకంగా శరణార్థుల చట్టమూ లేదు. టిబెటన్లు, శ్రీలంక తమిళుల విషయంలో ప్రభుత్వం విడివిడిగా నిర్ణయాలు తీసుకుంది. రోహింగ్యాలకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఢిల్లీ కార్యాలయం కార్డులు ఇస్తుంది. కానీ ప్రభుత్వం దృష్టిలో వాళ్లు అక్రమంగా దేశంలోకి వచ్చినవాళ్లే. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వాళ్లకీ వర్తిస్తుంది.

సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న ఇచ్చిన ఉత్తర్వులో రెండు సంగతులు పక్కపక్కనే చెప్పింది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద సమానత్వం, ప్రాణరక్షణ హక్కులు పౌరులు కానివాళ్లకూ ఉంటాయి. దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు మాత్రం ఇక్కడ నివసించే హక్కుతో ముడిపడినది, అది పౌరులకే. అసలు రోహింగ్యాలు శరణార్థులా, అక్రమంగా ప్రవేశించినవాళ్లా అన్నదే మొదట తేలాల్సిన ప్రశ్న అని 2025 జూలైలో అదే కోర్టు గుర్తించింది.

ఆన్‌లైన్ వేధింపు గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు హక్కులనూ కలిపేయడం వల్లే సగం గందరగోళం. ఒక మనిషిని దేశంలో ఉంచాలా, పంపాలా అన్నది ప్రభుత్వం, కోర్టులు తేల్చే సంగతి. ఆ మనిషి ఇంటి ఫొటో పెట్టి "రండి, తరుముదాం" అని పిలవడం నేరం. ఆ నేరానికి బాధితుల పాస్‌పోర్టుతో పని లేదు. మతం, జాతి, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచడాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196లో ఆ వర్గం పౌరులై ఉండాలన్న షరతు ఎక్కడా లేదు.

విమర్శ ఎక్కడ ఆగుతుంది, వేధింపు ఎక్కడ మొదలవుతుంది

మూడు పోస్టులు ఊహించుకుందాం.

మొదటిది: "రోహింగ్యాలను కేంద్రం వెంటనే వెనక్కి పంపాలి." ఇది ప్రభుత్వ విధానం మీద అభిప్రాయం. వినడానికి కఠినంగా ఉన్నా అలా అనే హక్కు ఉంది. తప్పుడు పత్రాలతో ఆధార్, ఓటరు కార్డులు సంపాదించారన్న కేసులు హైదరాబాద్‌లో నమోదయ్యాయి. వాటి గురించి రాయడం, అధికారులను నిలదీయడం కూడా వేధింపు కిందికి రాదు. చుట్టుపక్కల కాలనీల వాళ్లకు నీళ్ల గురించో, ప్లాట్ల గురించో ఉన్న ఆందోళనను ద్వేషం కింద కొట్టిపారేస్తే ఈ చర్చ ఒక్క అడుగు ముందుకు పడదు.

మూడోది కూడా తేలికే. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఒక మహిళ ముఖం, వెనక గుడిసెల వరస, కింద గల్లీ పేరు, "పిల్లలను ఎత్తుకెళ్లే ముఠా ఇదే, రాత్రికి అందరూ రండి" అన్న మాట. పుకారు, బెదిరింపు, హింసకు పిలుపు, ఆ మహిళ ప్రైవసీకి భంగం అన్నీ ఒక్క వీడియోలోనే ఉన్నాయి.

తలనొప్పి అంతా రెండోదానితో. "వీళ్లంతా దొంగలు, రోగాలు మోసుకొచ్చే పురుగులు." ఇందులో ఎవరి పేరూ లేదు, దాడికి పిలుపూ లేదు. ఫేస్‌బుక్, వాట్సాప్ నడిపే మెటా కంపెనీ నియమాల ప్రకారం మనుషులను పురుగులతో పోల్చడం నిషిద్ధం. వలస విధానాల మీద విమర్శను అనుమతిస్తామని, తీవ్రమైన దాడుల నుంచి మాత్రం శరణార్థులను, ఆశ్రయం కోరేవాళ్లను కాపాడతామని ఆ కంపెనీయే రాసుకుంది. మన క్రిమినల్ చట్టం కింద అయితే శత్రుత్వం రెచ్చగొట్టే ఉద్దేశం నిరూపించాలి. ఇలాంటి వ్యాఖ్య ఒక్కటి అయితే కోర్టులో నిలవకపోవచ్చు. అదే వీడియో కింద ఇలాంటివి నాలుగు వేలు పడితే? ఏ ఒక్కటీ గీత దాటదు. అన్నీ కలిపి చదివిన మనిషి మర్నాడు బస్తీ దాటి పనికి వెళ్లడానికే జంకుతుంది. చట్టమూ, కంపెనీ నియమాలూ ఒక్కో పోస్టును విడిగా తూకం వేస్తాయి. తిట్లు పడేవాళ్ల మీద మాత్రం అన్నీ ఒకేసారి పడతాయి.

ఫోన్‌లో పుట్టింది వీధిలోకి ఎలా వస్తుంది

ఆన్‌లైన్ తిట్లే కదా, ఫోన్ పక్కన పెడితే సరిపోతుంది అనేవాళ్లు ఉంటారు. 2018ని హైదరాబాద్ ఇంకా మరిచిపోలేదు. ఆ మే నెల చివర్లో చాంద్రాయణగుట్టలో పిల్లలను ఎత్తుకెళ్తున్నారన్న పుకారుతో గుంపు విరుచుకుపడి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపేసింది. అక్కడి నుంచి బాలాపూర్ ఎంతో దూరం లేదు. జూలైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో అదే పుకారుకు మన నగరం నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు బలయ్యాడు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్లలో డప్పు వేయించి, జానపద పాటలు పాడించి వాట్సాప్ పుకార్లు నమ్మొద్దని చెప్పించాల్సి వచ్చింది. వాట్సాప్ కూడా అదే జూలైలో భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. కంపెనీ ఏ ఒక్క మెసేజ్‌నూ తీసేయలేదు, పాకే వేగాన్ని తగ్గించిందంతే. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

రోహింగ్యాలకైతే ఇది కొత్త అనుభవం కాదు. 2017 ఆగస్టులో మయన్మార్ సైన్యం మొదలుపెట్టిన దాడులతో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. అక్కడ ద్వేషం చల్లాలనుకున్నవాళ్లకు ఫేస్‌బుక్ బాగా పనికొచ్చిందని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో తేల్చింది. తమ వేదికను హింసకు వాడుకోకుండా ఆపడానికి తగినంత చేయలేకపోయామని అదే ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. 2015 మొదట్లో ఆ కంపెనీలో ఫిర్యాదు పోస్టులు చూసేవాళ్లలో బర్మీస్ తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ పరిశోధనలో బయటపడింది. అంటే బాలాపూర్‌లో ఉన్నవాళ్లలో చాలామంది ఒకసారి ఇలాంటి ప్రచారం నుంచే పారిపోయి వచ్చారు.

ధనిక దేశాల్లో పరిస్థితి వేరుగా ఉంటుందనుకోవడానికీ లేదు. 2024 జూలై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో ఒక యువకుడు కత్తితో దాడి చేసి ముగ్గురు చిన్నారులను చంపాడు. గంటల్లోనే అతను పడవలో వచ్చిన ఆశ్రయం కోరేవాడని, ఒక కల్పిత పేరుతో సహా, సోషల్ మీడియాలో చుట్టేసింది. నిజానికి అతను బ్రిటన్‌లోనే, కార్డిఫ్‌లో పుట్టాడు. ఆగస్టు 4న రోథరమ్ దగ్గర ఆశ్రయం కోరేవాళ్లు ఉంటున్న హోటల్‌కు, లోపల మనుషులుండగానే, అల్లరిమూక నిప్పు పెట్టింది. అలాంటి హోటళ్లు తగలబెట్టాలని పోస్టులు పెట్టినవాళ్లను కోర్టులు జైలుకు పంపాయి. ఆ అబద్ధాన్ని అంత దూరం మోసిన కంపెనీల మీద మాత్రం అప్పటికి ఏ చర్యకూ వీలు లేదు.

కంపెనీకి చట్టం పట్టిన గొడుగు

మన ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 79 ప్రకారం ఎవరో రాసిన దానికి సోషల్ మీడియా కంపెనీని శిక్షించకూడదు. ఉత్తరంలో బెదిరింపు ఉంటే పోస్ట్‌మ్యాన్‌ను జైల్లో పెట్టం కదా, ఆలోచన అదే. ఈ రక్షణ లేకపోతే కంపెనీలు భయపడి కొంచెం ఘాటుగా ఉన్న ప్రతి మాటనూ తీసేస్తాయి. కాబట్టి ఇది మన మాటకు కూడా రక్షణే.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా స్పష్టం చేసింది. ఒక పోస్టు చట్టవిరుద్ధమని కంపెనీకి తెలిసింది అనాలంటే కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో ఉండాలి. ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినంత మాత్రాన రక్షణ పోదు.

అయితే గొడుగు కింద నిలబడటానికి షరతులున్నాయి. సమాచారాన్ని ఎవరికి పంపాలో కంపెనీ ఎంచుకోకూడదు, దాన్ని మార్చకూడదు. అసలు పేచీ ఇక్కడే. ఈ పోస్ట్‌మ్యాన్ ప్రతి ఉత్తరమూ విప్పి చదివి, మనకు ఎక్కువ కోపం తెప్పించేది ముందు తెచ్చి ఇస్తే? మీరు రోహింగ్యాల మీద ఒక రీల్ చివరిదాకా చూశారంటే తర్వాత అలాంటివి పది వస్తాయి. మీరు అడగలేదు, పోస్టు పెట్టినవాళ్లు మీకు పంపలేదు. పంపింది ఎవరికి ఏది చూపించాలో ఎంచే కంపెనీ ప్రోగ్రామ్, అంటే అల్గారిథమే. ఇది తటస్థంగా క్రమపరచడమేనని, లేకపోతే కోట్ల పోస్టుల్లో ఎవరికీ ఏదీ దొరకదని కంపెనీలు అంటాయి. ఇది ఎంచి పంపడమేనని, దాంతో ప్రకటనల ఆదాయం వస్తోంది కాబట్టి బాధ్యతా ఉండాలని విమర్శకులు అంటారు. నాకు రెండో వాదనలోనే బలం కనిపిస్తుంది. ఉంచినందుకు శిక్ష వద్దన్న నియమం, వెంటపడి చూపించినందుకు కూడా వర్తిస్తుందనడం న్యాయంగా లేదు.

ఒక ఫిర్యాదు నడిచే దారి

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు 50 లక్షలకు పైగా యూజర్లున్న వేదికలకు అదనపు పనులు అప్పగించాయి. దేశంలో ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అన్నది అప్పట్లో పెట్టిన గడువు. 2022 అక్టోబరు సవరణ కొన్ని రకాల పోస్టుల మీద ఫిర్యాదులకు 72 గంటల గడువు పెట్టింది. తర్వాతి సవరణలు ఈ గడువులను ఇంకా బిగించాయి. కంపెనీ జవాబు నచ్చకపోతే కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి 30 రోజుల్లోగా వెళ్లొచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు ఇందాకటి వీడియోలో ముఖం కనిపించిన మహిళను తీసుకుందాం. పక్కింటి అబ్బాయి వాట్సాప్‌లో వచ్చిందని చూపిస్తే ఆమెకు తెలిసింది. అసలు పోస్టు ఎక్కడుందో వెతకాలి. దొరికాక మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి, రిపోర్ట్ నొక్కితే కారణాల జాబితా వస్తుంది. అందులో "మా గల్లీ పేరు చెప్పి మనుషుల్ని పిలుస్తున్నారు" అన్నది ఉండదు. ఉన్నవాటిలో దగ్గరిదేదో ఎంచుకోవాలి. మా ప్రమాణాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదని జవాబు వస్తే ఫిర్యాదుల అధికారి ఫారం వెతకాలి. ఈలోపు ఆ వీడియోను డౌన్‌లోడ్ చేసుకుని వేరే పేర్లతో మళ్లీ ఎక్కించేవాళ్లు ఎక్కిస్తారు, స్టేటస్‌లు పెట్టేవాళ్లు పెడతారు. ఒక లింకు తీసేయించినా మిగతావి తిరుగుతూనే ఉంటాయి.

ఇక పోలీసుల దగ్గరికి వెళ్లడమా? ద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం చూడకుండా పోలీసులే కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కానీ స్టేషన్ మెట్లెక్కితే మొదటి ప్రశ్న "నీ కాగితాలేవి?" అవుతుందన్న టెన్షన్ ఆమెకుంటుంది. బాధితురాలిగా వెళ్లి విదేశీయుల చట్టం కింద నిందితురాలిగా మిగిలితే ఎలా అని భయపడేవాళ్లను తప్పుపట్టలేం. నిబంధనలు యూజర్‌కే కాదు, ఏ బాధితులకైనా ఫిర్యాదు హక్కు ఇచ్చాయి, పౌరసత్వం అడగలేదు. ఆమె తరఫున ఇరుగుపొరుగు వాళ్లో, స్వచ్ఛంద సంస్థో అదే పోస్టును రిపోర్ట్ చేయొచ్చు. అయినా ఫిర్యాదు మీదే నడిచే వ్యవస్థలో, గొంతెత్తడానికి అందరికంటే ఎక్కువ భయపడేవాళ్లకు అందరికంటే తక్కువ రక్షణ దొరుకుతుంది.

ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లిన కేసు

సరిగ్గా ఈ ప్రశ్నతోనే ఇద్దరు రోహింగ్యా శరణార్థులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. భారత్‌లో తమ వర్గం మీద ఫేస్‌బుక్‌లో సాగుతున్న ద్వేష ప్రచారాన్ని ఆ కంపెనీ ఆపేలా, అలాంటి పోస్టులను అల్గారిథం పాకించకుండా చూసేలా ఆదేశించాలని అడిగారు. 2024 జనవరి 30న కోర్టు ఆ పిటిషన్‌ను ముగించింది. రోహింగ్యాల మీద వచ్చే పోస్టులను ముందే వడపోయాలనడం జబ్బు కంటే మందే ప్రమాదకరం అన్నట్టు అవుతుందని, 2021 నిబంధనల్లో ఫిర్యాదు దారి ఉంది కాబట్టి దాన్నే వాడుకోవాలని చెప్పింది.

ముందస్తు సెన్సార్ గురించి కోర్టు చెప్పింది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. ఒక వర్గం పేరు కనిపించిన ప్రతి పోస్టునూ ఆపితే వాళ్ల పక్షాన మాట్లాడే పోస్టులూ ఆగుతాయి. 2017లో మయన్మార్ దారుణాలను ఫేస్‌బుక్‌లో పెట్టిన రోహింగ్యా కార్యకర్తల పోస్టులే తొలగింపుకు గురయ్యాయి. కానీ వేగం తగ్గించడానికీ నోరు నొక్కడానికీ మధ్య చాలా చోటుంది. ఐదు చాట్ల పరిమితి దానికి ఉదాహరణ.

నియమం ఉన్నా అమలు ఎక్కడ ఆగుతుంది

ఈ కథలో హైదరాబాద్‌కు ఇంకో పాత్ర ఉంది. గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్ పేరుతో రోహింగ్యాలను కాల్చేయాలన్న అర్థం వచ్చే పోస్టులు ఫేస్‌బుక్‌లో ఉన్నాయని, కంపెనీ ఉద్యోగులే అవి నియమాలకు విరుద్ధమని తేల్చినా భారత్‌లో వ్యాపారం దెబ్బతింటుందని ఒక ఉన్నతాధికారి చర్యకు అడ్డుపడ్డారని 2020 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. తనకు అధికారిక పేజీ లేదని, తన పేరుతో ఎవరెవరో నడుపుతున్నారని ఆయన అన్నారు. తమ విధానాలు ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా అమలవుతాయని కంపెనీ చెప్పుకుంది. సెప్టెంబరు మొదట్లో ఆయనను నిషేధించింది. ఎవరి మాట ఎంత నిజమైనా ఒకటి కనిపిస్తోంది: ఆ పోస్టుల గతి మారింది అమెరికా పత్రికలో వార్త వచ్చాకే.

భాష సంగతి కూడా ఉంది. హిందీ, బెంగాలీలకు సరైన యంత్ర వడపోత లేకపోవడంతో భారత్‌లో చాలా ద్వేషం పట్టుబడలేదని 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫిర్యాదులో ఉంది. ఇక హైదరాబాద్‌లో జనం రాసేది తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో దక్కనీ, చివర ఒక నవ్వే ఎమోజీ. "వాళ్ల గల్లీ సాఫ్ చేయాలి" అన్నది చెత్త గురించా, మనుషుల గురించా అని ఈ ఊరి మనిషికి ఇట్టే తెలుస్తుంది, యంత్రానికి తెలియదు. ఫేస్‌బుక్ పోస్టులను పరిశీలించే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు మన నగరంలోనే ఉన్నారని 2019లో రాయిటర్స్ రాసింది. ఊరు తెలిసినవాళ్లు అందుబాటులో లేరనడానికి వీల్లేదు. ఈ ఊరి భాషలకు ఎంతమందిని కేటాయించాలన్నది కంపెనీ ఖర్చు నిర్ణయం.

ఎవరి చేతికి కత్తెర ఇవ్వాలి

కంపెనీలు చేయకపోతే ప్రభుత్వమే తీసేయించాలి అన్నది ఒక వాదన. అధికారులు కేంద్రం ఏర్పాటు చేసిన సహయోగ్ పోర్టల్ ద్వారా తొలగింపు నోటీసులు పంపుతున్నారు. దాన్ని సవాలు చేస్తూ ఎక్స్ కంపెనీ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న కొట్టేసింది. ఈ అధికారం విమర్శకుల మీద తిరగబడుతుందని పౌరహక్కుల వాళ్లు భయపడుతున్నారు. రోహింగ్యాల విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఎవరిని పంపేయాలని ప్రభుత్వం కోర్టులో వాదిస్తోందో, వాళ్ల పరువు కాపాడమని అదే ప్రభుత్వాన్ని అడగాలి.

వాట్సాప్ మరో మెలిక. మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పాలన్న 2021 నిబంధనను అది ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ చదవలేకుండా చేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్ తీసేస్తే పుకారు పుట్టించినవాళ్లు దొరకొచ్చు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరంలో ఉన్న తల్లితో బాలాపూర్ కొడుకు మాట్లాడే మాటలకు కూడా అప్పుడు గోప్యత ఉండదు.

యూరప్ ఇంకో దారి పట్టింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న డిజిటల్ సర్వీసెస్ చట్టం, నెలకు 4.5 కోట్ల మందికి పైగా యూజర్లున్న వేదికలు తమ డిజైన్ వల్ల, అల్గారిథం వల్ల వచ్చే ముప్పును ఏటా తామే అంచనా వేసి, తగ్గించి, ఆడిట్ చేయించుకోవాలంటుంది. తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. ఒక్కో పోస్టు తీశారా లేదా అన్నదానికంటే, ఏం పాకిస్తున్నారు, ఎందుకు అన్నది అక్కడ ప్రశ్న. దీనివల్ల కంపెనీలు అతిజాగ్రత్తతో ఎక్కువ తీసేస్తాయన్న విమర్శ అక్కడా ఉంది.

మన 2021 నిబంధనలు కూడా పెద్ద వేదికలను నెలనెలా నివేదిక అడుగుతాయి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏం చర్య తీసుకున్నారు, తామంతట తాము ఎన్ని లింకులు తీశారు అన్నవి అందులో ఉండాలి. ఏ భాషలో ఎన్ని, ఏ వర్గం మీద ఎన్ని, తీసేలోపు ఎంతమందికి చూపించారు అన్నవి మాత్రం నిబంధన అడగదు. తెలుగులో, దక్కనీలో రోహింగ్యాల మీద వచ్చిన బెదిరింపుల్లో ఎన్నింటిని ఆపారో తెలుసుకోవాలనుకునే పాత్రికేయులకు గానీ, కోర్టుకు గానీ ఆ నివేదికల్లో జవాబు దొరకదు. ఈ మూడు గళ్లు ఫారంలో చేర్చడానికి ఏ పోస్టునూ సెన్సార్ చేయనక్కర్లేదు, ఎవరి ఎన్‌క్రిప్షనూ విప్పనక్కర్లేదు. నిబంధనలకు ఇప్పటికే చేసిన సవరణల్లాంటిదే ఇంకొకటి సరిపోతుంది.